రిమార్కు గడిలో రాసిన మాట

పళ్ళ మేస్త్రి ఇల్లు అమ్మేశాడంటే వీధిలోవాళ్ళు ఒక పట్టాన నమ్మలేదు. అమ్మాడు గాని డబ్బు ఇంకా చేతికి రాలేదని తెలిశాక, "పెళ్ళాం పోయిన దిగులుతో మతి చలించిందేమో పాపం" అని ఒక నిట్టూర్పు విడిచి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. మతి ఏమీ చలించలేదు. ఇల్లు వాయిదాల మీద అమ్మాడు, అంతే.

ముప్పై అయిదేళ్ళు కట్టుడు పళ్ళు చేసిన మనిషి. వీధివైపు గదిలో పని, వెనక మూడు గదుల్లో కాపురం. పిల్లల్లేరు. భార్య పోయిన ఏడాదికి చేతులు వణకడం మొదలైంది. పళ్ళ పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అవతలివాడి చిగుళ్ళు పుండవుతాయి. అందుకని ఎవరూ చెప్పకుండానే పని చాలించాడు. ఆ తర్వాత మూడు గదుల్లో ఒకదానికి తాళం వేశాడు, ఆరు నెలలకి ఇంకోదానికి. మిగిలిన గదిలో కూర్చుని తాళం వేసిన గదుల గురించి ఆలోచించడం తప్ప వేరే పని లేకపోయేసరికి, ఈ ఇల్లు నాకొద్దు బాబోయ్ అనుకున్నాడు.

కొనడానికొచ్చినవాడు పరుపులు కుట్టే అతను. నలభై ఏళ్ళుంటాయి. కనుబొమల మీద ఎప్పుడూ కాస్త దూది అంటుకుని ఉంటుంది. వీధి గది చూడగానే తన కొట్టుకి సరిగ్గా సరిపోతుందని మనసు పారేసుకున్నాడు. కాని చేతిలో పెద్ద మొత్తం లేదు, బ్యాంకువాళ్ళు అప్పు కుదరదన్నారు.

"నెలనెలా కట్టుకుంటానండి బాబాయిగారూ. పదేళ్ళలో మొత్తం తీర్చేస్తాను," అన్నాడు.

బాబాయిగారూ అన్న పిలుపుకే మేస్త్రి సగం మెత్తబడ్డాడు.

కాగితం రాసింది మేస్త్రి బావమరిది. ఆయన వకీలు, మాటకి ముందు గొంతు సవరించుకునే రకం. ప్రతి నెలా అయిదో తారీకులోపు వాయిదా కట్టాలి. ఆఖరి వాయిదా ముట్టేదాకా ఇల్లు మేస్త్రి పేరు మీదే ఉంటుంది. వరసగా మూడు వాయిదాలు తప్పితే ఒప్పందం రద్దు, ఇల్లు మేస్త్రికి తిరిగొస్తుంది, అప్పటిదాకా కట్టినదంతా అద్దె కింద జమ.

"ఇనప్పెట్టెలాంటి కాగితం బావా ఇది. డబ్బైనా వస్తుంది, ఇల్లైనా వస్తుంది. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో," అన్నాడు బావమరిది. కాలు మీద కాలేసుకుని ఒక్కడే కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకేం తెలుసు? రోజంతా ఆయన ఆఫీసు నిండా మనుషులే.

మేస్త్రి అలా కూర్చోవడానికి వెళ్ళింది నాలుగు వీధుల అవతల, అద్దాల కొట్టు పైన రెండో అంతస్తులో ఒక గదికి. ఒకే కిటికీ, తెరిస్తే గోదాము గోడ. ఒక మంచం, ఒక పొయ్యి, రెండు కుర్చీలు. ఒకటి చాలన్నాడు గాని కుర్చీల కొట్టువాడు జతగా తప్ప అమ్మనన్నాడు. రెండో కుర్చీ మీద పాత పేపర్లు పెట్టుకున్నాడు.

మొదటి నాలుగు నెలలూ పరుపులతను అయిదో తారీకు రాకుండానే వచ్చాడు. గుమ్మంలో నిలబడి డబ్బిచ్చేవాడు, రసీదు తీసుకునేవాడు, "వస్తానండి బాబాయిగారూ" అని మెట్లు దిగిపోయేవాడు. లోపలికి రమ్మంటే, కొట్టు దగ్గర ఎవరూ లేరండి అనేవాడు. మొత్తం వ్యవహారం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం మేస్త్రి పొద్దున్నే గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకునేవాడు. పాలవాడు పాలు తలుపు బయట పెట్టిపోతాడు, అద్దాల కొట్టువాడు తల ఊపుతాడు. నెల మొత్తానికి ఆ గుమ్మంలోకి వచ్చి ఆయనతో మాట్లాడే మనిషి పరుపులతనొక్కడే. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనడానికైనా ఒక మనిషి ఉండాలి గదా.

అయిదో నెల అయిదో తారీకు దాటిపోయింది. వారం గడిచింది. పద్నాలుగో తారీకు సాయంత్రం పరుపులతను తల దించుకుని వచ్చాడు, చెప్పులు విప్పాడు, పిలవకుండానే లోపలికొచ్చాడు. మేస్త్రి గబగబా పేపర్లు తీసి కుర్చీ ఖాళీ చేశాడు. ఏదో హాస్టలుకి ముప్పై పరుపులు కుట్టిచ్చాడట, వాళ్ళు డబ్బివ్వకుండా కాళ్ళరిగేలా తిప్పుకున్నారట, ఈలోగా కూతురికి జ్వరమట. మేస్త్రి టీ పెట్టాడు. టీ తాగుతుంటే ఇంటి సంగతులు అడిగాడు. పెరటి తలుపు వానాకాలంలో ఉబ్బుతుంది, దాన్ని ఎలా పైకెత్తి మూయాలో చెప్పాడు. ఆ తలుపు చేసిన వడ్రంగి ఎంత పెంకివాడో చెప్పాడు. ఆ వడ్రంగికీ తన భార్యకీ జరిగిన తగువు చెప్పాడు. మేస్త్రికి గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు.

ఇక్కడ రసీదు సంగతి కాస్త చెప్పాలి. పళ్ళ కొట్టు తాలూకు రసీదు పుస్తకాలు అరడజను మిగిలిపోతే మేస్త్రి వాటినే వాడుతున్నాడు. తేదీ, మొత్తం, సంతకం, అడుగున "రిమార్కు" అని ఒక గడి. పళ్ళు బిగించాక ఎలా కూర్చున్నాయో ఆ గడిలో రాయడం ఆయన అలవాటు. "కొంచెం వదులు." "ఎడమవైపు ఒరుసుకుంటోంది, వారం ఆగి రావాలి." బాగా కుదిరితే "పర్వాలేదు." ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు తన పనికి తాను ఏనాడూ ఇచ్చుకోలేదు. ఇంటి వాయిదాల రసీదుల్లో ఆ గడి ఖాళీగా వదిలేసేవాడు. ఆ సాయంత్రం పరుపులతను చెయ్యి చాపి, "ఆలస్యమైందండి, ఏమీ అనుకోకండి" అన్నాడు. మేస్త్రి కలం ఆ గడి మీదికి దానంతటదే వెళ్ళింది. "పర్వాలేదు" అని రాసిచ్చాడు. నోటితో అని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

మనిషి మనసు ఎంత తిక్కదో చూడండి. ఆరో నెల డబ్బు మూడో తారీకునే వచ్చింది. గుమ్మంలో నాలుగు నిమిషాలు. మేస్త్రికి ఉసూరుమనిపించింది. ఏడో నెల పదకొండు రోజులు ఆలస్యం. టీ, కుర్చీ, గంటన్నర. ఇది అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. వేళకి తెచ్చినవాడు గుమ్మంలోంచే పోతాడు, ఆలస్యంగా తెచ్చినవాడు సిగ్గుపడి కూర్చుంటాడు. అప్పటినుంచి అయిదో తారీకులోపు మెట్ల మీద చప్పుడైతే ఆయన మనసు చివుక్కుమనేది. అయిదు దాటిందంటే వెళ్ళి బిస్కట్లు కొనుక్కొచ్చేవాడు. రావలసిన డబ్బు ఆలస్యంగా రావాలని కోరుకునేవాణ్ణి ఎక్కడైనా విన్నామా?

పరుపులతను పాపం మంచివాడు. ఖాళీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని "అవునండి", "అలాగాండి" అంటూ వినేవాడు. ముప్పై అయిదేళ్ళు, పళ్ళ కొలత కోసం నోట్లో అచ్చు ముద్ద పెట్టుకున్నవాళ్ళతో కబుర్లు చెప్పిన మనిషి మేస్త్రి. అవతలివాడు జవాబు చెప్పకపోవడం ఆయనకి లోటుగా తోచదు. రసీదు మాత్రం ఆఖర్న రాసేవాడు. ముందే రాసిస్తే లేచిపోతాడని ఆయనకి తెలుసు.

రెండో ఏడు తిరిగేసరికి పది రోజుల ఆలస్యం నెలరోజులైంది. ఇంటి పన్ను కట్టవలసింది పరుపులతను, కాని ఇల్లింకా మేస్త్రి పేరు మీదే ఉంది కాబట్టి నోటీసు ఆయనకొచ్చింది. అడిగితే అతను నొచ్చుకుని రావడమే మానేస్తాడేమోనని, దాచుకున్న దాంట్లోంచి తీసి నోరు మూసుకుని తనే కట్టేశాడు. "వాయిదాలొస్తున్నాయా బావా?" అని బావమరిది ఫోన్ చేస్తే, "ఆఁ, వస్తున్నాయి" అనేవాడు. అబద్ధం కాదు. ఎప్పుడొస్తున్నాయో ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

మూడో ఏడు సగం గడిచాక అక్క ఫోన్ చేసింది. మేస్త్రికి తోడబుట్టింది ఆవిడొక్కతే. భర్త పోయాక వేరే ఊళ్ళో ఒక అద్దె వాటాలో ఉంటోంది. ఆ ఇల్లు పడగొడతారట, ఆరు నెలల్లో ఖాళీ చెయ్యాలట.

"ఒరే తమ్ముడూ, నీ ఇల్లు కొన్నాయన సరిగ్గా కడుతున్నాడా?"

"ఈ మధ్య రావడం లేదక్కా," అన్నాడు మేస్త్రి. నిజమే. రెండు నెలలైంది, బిస్కట్లు మెత్తబడిపోయాయి.

"అయితే మంచిదే. వెనక్కి తీసుకోరా. నీ గదికొద్దామంటే ఈ మోకాళ్ళతో రెండంతస్తులు నేనెక్కలేను. ఆ ఇంటికైతే మెట్లే లేవు. నువ్వో గదిలో, నేనో గదిలో. మూడో గదిలో ఇద్దరం కూర్చుని పోట్లాడుకుందాం."

మేస్త్రి పకపకా నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. ఫోన్ పెట్టేశాక, తాళం వేసిన ఆ గదులు రెండూ తెరిచినట్టు, అక్క దేనిలో ఉంటే బాగుంటుందా అని ఊహించుకుంటూ కూర్చున్నాడు. పొద్దున ఎండ పడే గది ఆవిడకిచ్చెయ్యాలనుకున్నాడు. ఇల్లొస్తే అక్క వస్తుంది. రాకపోతే ఆవిడ తన ఆడబిడ్డ దగ్గరికి పోతుంది, అది ఒకటిన్నర రోజు రైలు ప్రయాణం. ఈ వయసులో ఆ దూరం పోయిన మనిషిని మళ్ళీ చూస్తానో లేదో అని ఆయన భయం.

మూడో నెల కూడా పరుపులతను రాలేదు. వరసగా మూడు వాయిదాలు. మేస్త్రి బావమరిదికి కబురు చేశాడు, నోటీసు వెళ్ళింది, పరుపులతను ఇల్లు వదలనన్నాడు, కోర్టువాళ్ళు ముందు రాజీ అధికారి దగ్గరికి వెళ్ళి మాట్లాడుకోమన్నారు.

ఆ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని బావమరిది అవతలివాళ్ళ కాగితాలు తిరగేశాడు. ఉన్నట్టుండి గొంతు సవరించుకోవడం మర్చిపోయాడు.

"ఏమిటి బావా ఇది? ముప్పై ఒక్క రసీదులుంటే ఇరవై రెండింటి మీద నీ చేత్తో నువ్వే పర్వాలేదని రాసిచ్చావా?"

"అలవాటు కొద్దీ..."

"కొంప ముంచావు! రెండున్నరేళ్ళుగా ఆలస్యాన్ని నువ్వు ఒప్పుకుంటూ వచ్చినట్టు లెక్క. ఇవాళ ఉన్నట్టుండి గడువు తప్పిందంటే చెల్లదంటారు. నేను రాసిన షరతుని నువ్వు ఒక్కో రసీదుతో కాస్త కాస్త చెరిపేసుకున్నావు." తల పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత మొహం కొంచెం విప్పారింది. "ఆగు. అలవాటు కొద్దీ అన్నావు కదూ? అదే చెప్పు. పళ్ళు సరిపోతే ఆ గడిలో పర్వాలేదని రాసేవాణ్ణి, ఇక్కడ డబ్బు లెక్క సరిపోయిందని రాశాను, ఆలస్యానికీ దానికీ సంబంధం లేదు అను. పళ్ళ రసీదులు కూడా పట్టుకొచ్చి చూపిద్దాం. ఇంకొక్క ముక్క మాట్లాడకు. మీ అక్క రావాలా వద్దా?"

రావాలన్నాడు మేస్త్రి.

రాజీ అధికారి యాభై దాటిన ఆవిడ, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది. పక్కన గుమాస్తా ఒకడు రాసుకుంటున్నాడు. బల్లకి అవతల పరుపులతను ఒక్కడే కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. కనుబొమల మీద దూది లేదు. మేస్త్రిని చూసి లేవబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు.

ఆవిడ రసీదులు ఒక్కొక్కటే తీసి పైకి చదివింది. "తొమ్మిది రోజులు ఆలస్యం, పర్వాలేదు. పదకొండు రోజులు, పర్వాలేదు. పందొమ్మిది, పర్వాలేదు." పదోదో పన్నెండోదో అయ్యేసరికి గుమాస్తా పెదవి కొరుక్కుంటున్నాడు. అన్నీ చదివి ఆవిడ పరుపులతని వైపు తిరిగింది.

"ఆలస్యమైనప్పుడు ఈయన వడ్డీ గాని జరిమానా గాని తీసుకునేవారా?"

"డబ్బేం తీసుకోలేదండి."

"మరి?"

పరుపులతను నీళ్ళు నమిలాడు. "కూర్చోబెట్టేవారండి."

"అంటే?"

"గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. రసీదు ఆఖర్న గాని రాయరు. తప్పు నాది గదండి, లేచి వెళ్ళిపోతే బాగుండదు. కొట్టు మూసుకుని వచ్చేవాణ్ణి, ఆ సాయంత్రం బేరాలు పోయేవి. సర్లే, వడ్డీ అడగట్లేదు కదా, ఇదే ఈయన వడ్డీ అనుకునేవాణ్ణి."

"ఈ మూడు నెలలూ ఎందుకు కట్టలేదు?"

"మొదటి నెల నిజంగానే లేదండి. తర్వాత చేతికొచ్చింది. కాని నెలరోజుల ఆలస్యానికే రెండు గంటలు కూర్చున్నాను. ఇన్నాళ్ళ ఆలస్యానికి ఎంతసేపు కూర్చోవాల్సొస్తుందో అని కాళ్ళు రాలేదండి."

గుమాస్తా ఇక ఆపుకోలేక నవ్వేశాడు. ఆవిడ కళ్ళెర్రజేస్తే కలం కింద పడినట్టు వంగాడు.

పరుపులతను కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. అడిగారు కాబట్టి చెప్పాడు. అందుకే అది మేస్త్రికి ఎక్కడో లోపలికంటా దిగింది. అవునండి, అలాగాండి అన్న ఆ సాయంత్రాలన్నీ తను కడుపు నిండా భోంచేసినంత తృప్తిగా మనసులో దాచుకున్నాడు. అవతలివాడు వాటిని వడ్డీ కింద కట్టాడన్నమాట.

"మీరు చెప్పండి," అంది ఆవిడ మేస్త్రితో. "పర్వాలేదని ఏ ఉద్దేశంతో రాశారు?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. చెప్పవలసిన మాట మేస్త్రి నోట్లో సిద్ధంగానే ఉంది. పళ్ళు, లెక్క, అలవాటు. మూడే మాటలు. వాటి చివర అక్క ఉంది, పొద్దున ఎండ పడే గది ఉంది. కాని వడ్డీ అన్న మాట చెవిలో గింగురుమంటుంటే వేరే ఏదీ ఆయనకి తోచలేదు.

"వడ్డీ కాదమ్మా," అన్నాడు. "వడ్డీ అని మాత్రం రాసుకోకండి. వేళకి తెస్తే అతను గుమ్మంలోంచే వెళ్ళిపోయేవాడు. ఆలస్యమైతేనే లోపలికొచ్చి కూర్చునేవాడు. నాకు ఆలస్యమే బాగుండేది. అందుకని రాశాను. నాకు నిజంగానే పర్వాలేదు."

బావమరిది ఫైలు మూసేశాడు. పరుపులతను తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. గుమాస్తా కూడా నవ్వలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి, మెల్లగా, మర్యాదగా చెప్పింది. ఆలస్యం తనకిష్టమేనని అమ్మినాయనే అంటున్నాడు కాబట్టి ఒప్పందం రద్దు చేయడం కుదరదు. తప్పిన మూడు వాయిదాలూ ఆఖర్న కలపాలి. మేస్త్రి తన చేతినుంచి కట్టిన ఇంటి పన్ను డబ్బు పరుపులతను తిరిగివ్వాలి. ఇల్లు అతని దగ్గరే ఉంటుంది.

"ఇంకొకటి," అంది లేవబోతూ, ఇద్దరికీ మేలు చేస్తున్నట్టు. "ఇకనుంచి డబ్బు నేరుగా బ్యాంకులో వేసెయ్యండి. ఎవరూ ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు. ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది."

పరుపులతను గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. రెండున్నరేళ్ళలో అతని మొహం అంత తేలిగ్గా ఉండటం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు. తన గదిలో, తన కుర్చీలో ఒక్కసారైనా అలా ఉండలేదు. బయటికొచ్చాక అతను దగ్గరికొచ్చి, "బాబాయిగారూ, నేనేదో..." అని ఆగి, "వస్తానండి," అని వెళ్ళిపోయాడు. బావమరిది తన కారులో దింపుతాననలేదు, మేస్త్రి అడగలేదు.

గదికొచ్చి అక్కకి ఫోన్ చేశాడు. ఒక్క ముక్క దాచకుండా మొత్తం చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. అక్క తిట్టలేదు.

"ఆ గంటన్నరా ఏం మాట్లాడేవాడురా అతను?" అని అడిగింది.

మేస్త్రి గుర్తు చేసుకోబోయాడు. హాస్టలు పరుపులు, కూతురి జ్వరం, అంతే, ఆ తర్వాతివేవీ గుర్తు రాలేదు.

"నేనే మాట్లాడేవాణ్ణక్కా."

"ఏం మాట్లాడేవాడివి?"

"ఏవో. ఇంటి సంగతులు. మీ మరదలి సంగతులు. అది ఆఖర్న ఏమందో, అవీ."

"దాని ఆఖరి మాటలు నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు. నేనడిగితే ఏముందిలే అక్కా అని ఫోన్ పెట్టేసేవాడివి."

"నువ్వు పనిలో ఉంటావేమోనని..."

"నాకేం పనిరా?" అంది అక్క. "మీ బావ పోయిన దగ్గర్నుంచి సాయంత్రం పూట ఈ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం తప్ప నాకేం పని ఉందనుకున్నావురా?"

ఇప్పుడు చెబుతాను, మొత్తం చెబుతాను వినక్కా అన్నాడు మేస్త్రి. ఇప్పుడు కాదులే అంది అక్క, ఇల్లు ఖాళీ చేసే గడువు దగ్గరపడిందట, సామాను కట్టడానికి మనుషులొచ్చి వాకిట్లో నిలబడ్డారట. ఇక ఆడబిడ్డ ఊరికే, పదకొండో తారీకు రైలుకి బయల్దేరుతుందట. అక్కడ ఆడబిడ్డ కోడలితోనూ పిల్లలతోనూ ఒకే గదిలో సర్దుకోవాలి, ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే బాగుండదు అని చెప్పింది.